పొగను శుద్ధి చేయబూనిన యూజీన్ హూడ్రీ

లోకములో క్రొత్త వస్తువును కనిపెట్టి, దానివలన ధనమును కీర్తిని గడించినవారు పలువురు కలరు. తాము కల్పించినదాని వలన జనులకు కలుగు కీడును కూడ విచారించి, దానిని మాన్పుటకై మరల నడుము కట్టినవారు మాత్రము అరుదు. అట్టి అరుదైన పురుషులలో యూజీన్ హూడ్రీ ఒకరు. ముడినూనె నుండి మేలైన పెట్రోలును విస్తారముగా తీయు మార్గమును లోకమునకు చూపినది ఈయనయే. ఆ పెట్రోలు మండగా పుట్టు విషవాయువులను బండి యొక్క పొగగొట్టములోనే శుద్ధి చేయు సాధనమును వాడుకకు తేవలెనని తన కడపటి దినములను వెచ్చించినదియు ఈయనయే. కేటలిటిక్ కన్వర్టర్ అను పేరుతో ఆ సాధనము నేడు మన వీధులలో తిరుగు బండ్లలో నున్నది. దానిని పెక్కుమంది కన్నులార చూచియుండరు. దానికై పాటుపడినవాని పేరు వినినవారు ఇంకను తక్కువ.

హూడ్రీ 1892వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన, ఫ్రాన్సు దేశములో పారిస్ నగరమునకు చేరువనున్న డోమోన్ అను ఊర జన్మించెను. తండ్రి ఉక్కు కర్మాగారమునకు యజమాని, సంపన్నుడు. కుమారుడు ఇంజనీరింగు విద్యకై ఆర్ ఎ మెతియే అను ప్రసిద్ధ విద్యాలయమున చేరి, 1911లో తన తరగతిలో ప్రథముడుగా నుత్తీర్ణుడై, బంగారు పతకమును పొందెను. ఈయన పుస్తకములకే అంటిపెట్టుకొనిన విద్యార్థి కాదు. విద్యాలయపు కాల్బంతి జట్టునకు నాయకుడై, ఆ జట్టును దేశములోనే మొదటి స్థానమునకు తెచ్చెను. పిమ్మట తండ్రి కర్మాగారములో పనికి కుదురుకొనెను. సుఖముగా బ్రతుకుటకు వలసినదంతయు ఆయనకు కలదు.

ఇంతలో 1914లో ఐరోపా మహాయుద్ధము వచ్చిపడెను. హూడ్రీ సైన్యమున చేరి, ట్యాంకు దళములో అధికారి అయ్యెను. 1917 ఏప్రిలులో జువిన్‌కూర్ వద్ద జరిగిన పోరాటములో ఫ్రెంచివారు తమ ట్యాంకులను మొట్టమొదటిసారి యుద్ధభూమిని నడిపించిరి. శత్రువుల గుండ్లు కురియుచుండగా, చెడి నిలిచిపోయిన ట్యాంకులను బాగుచేయించు పనికి ఈయన పూనుకొని, తీవ్రముగా గాయపడెను. ఆ సాహసమునకు ఫ్రెంచి ప్రభుత్వము ఆయనకు యుద్ధ పతకము నొసగి గౌరవించెను. యంత్రము ఎక్కడ చెడునో, దానిని ఏలాగు నిలబెట్టవలెనో అను విచారము అప్పటి నుండియే ఆయన మనస్సులో నాటుకొనెనని తలపవచ్చును.

యుద్ధానంతరము ఆయనకు మోటారు పందెములయందు మక్కువ కలిగెను. అమెరికా వెళ్లి, ఇండియానాపోలిస్‌లో జరుగు గొప్ప పందెమును, డెట్రాయిటులోని ఫోర్డు కర్మాగారమును చూచి వచ్చెను. ఇంజనులు నానాటికి మెరుగగుచున్నవి గాని, వాటిలో పోయు పెట్రోలు అంతకు తగినట్లు మెరుగగుటలేదని ఆయన గ్రహించెను. నాసిరకపు పెట్రోలు ఇంజనులో అదనుతప్పి మండును. అప్పుడు ఇంజను టకటకమని కొట్టుకొనును, బలము తగ్గును. అదియును గాక ఫ్రాన్సు దేశములో భూమినుండి వెలువడు నూనె బహు స్వల్పము. యుద్ధకాలములో పెట్రోలునకై పరదేశముల వైపు చూడవలసివచ్చిన దుఃఖము ఆ దేశీయులు మరువలేదు.

1922లో, గోధుమవర్ణపు నాసి బొగ్గునుండి పెట్రోలు తీయు విధానమొకటి ప్రూడోమ్ అను రసాయనజ్ఞుని వద్ద కలదని హూడ్రీ వినెను. ఆ విధానమునకు ప్రాణము ఉత్ప్రేరకము. ఉత్ప్రేరకమనగా నేమి? మన ఊళ్లలో పెండ్లిండ్ల పేరయ్య యుండును గదా! ఆతడు రెండు కుటుంబములకు నడుమ తిరిగి సంబంధమును కుదుర్చును. పెండ్లి కాగానే తాను ఏ ఇంటికిని చుట్టము గాక, మరియొక సంబంధము చూచుటకై సాగిపోవును. అట్లే ఉత్ప్రేరకము తన సముఖమున పదార్థములు కలియుటను గాని విడుటను గాని సులభము చేయును. తాను మాత్రము ఖర్చు కాక మిగులును. ఈ మర్మము హూడ్రీ మనస్సును పట్టుకొనెను. పారిస్ సమీపమున ఒక ప్రయోగశాలను నెలకొల్పి, వందలకొలది పదార్థములను ఒకదాని వెంట నొకటి పరీక్షించెను. 1929లో దినమునకు 60 టన్నుల బొగ్గును వాడు కర్మాగారమొకటి సిద్ధమయ్యెను. పెట్రోలు వచ్చెను గాని, దానికి పట్టిన వ్యయము లాభమును మ్రింగివేసెను. ప్రభుత్వము సాయమును మానుకొనెను, కర్మాగారము మూతపడెను.

ఏడేండ్ల శ్రమ ఇట్లు ఫలింపకుండుట చూచి మరియొకడైనచో ఉక్కు వర్తకమునకే మరలియుండును. హూడ్రీ బొగ్గును విడిచి ముడినూనె వైపు తిరిగెను. ముడినూనెలోని బరువైన భాగమును విరిచి తేలికయైన పెట్రోలుగా మార్చుటకు ఆ కాలమున కేవలము అధికమైన వేడిమిని, ఒత్తిడిని వాడుచుండిరి. ఒక విధమైన బంకమన్ను ఉత్ప్రేరకముగా ఈ పనిని మరింత చక్కగా చేయునని ఆయన కనుగొనెను. అయితే చిక్కు ఒకటి మిగిలెను. కొలది నిమిషములలోనే ఆ మన్ను మసిబొగ్గుతో కప్పబడి పనికిరాకుండ పోవుచుండెను. హూడ్రీ దానిని పారవేయక, వేడిగాలిని పంపి ఆ మసిని మన్నుమీదనే కాల్చివేసెను. మన్ను తిరిగి శుద్ధమయ్యెను. మసి కాలిన వేడిమి సయితము వ్యర్థము కాక పనికివచ్చెను. ఒక పాత్రలో నూనె విరుగుచుండగా మరియొక పాత్రలో మసి కాలుచుండునట్లు ఏర్పాటు చేసెను. మసిని తుడిచి మరల పనికి పెట్టుటయే ఈ విధానములోని ఆయువుపట్టు.

ఫ్రాన్సులో తగిన ఆదరణ దొరకనందున, 1930లో అమెరికాలోని వాక్యూమ్ ఆయిల్ కంపెనీవారి ఆహ్వానముపై ఆయన ఆ దేశమునకు తరలిపోయెను. 1931లో హూడ్రీ ప్రాసెస్ కార్పొరేషన్ అను సంస్థ ఏర్పడెను. అది ఆర్థిక మాంద్యము దేశమును పీడించుచున్న కాలము. సంవత్సరములు గడచినను పని కొలిక్కి రాకుండెను. 1933లో సన్ ఆయిల్ కంపెనీవారు చేయూత నిచ్చిరి. 1937లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి మార్కస్ హుక్ అను చోట గొప్ప కర్మాగారము నడక సాగించెను. పాత పద్ధతిలో వచ్చుదానికి సుమారు రెండింతల మేలురకపు పెట్రోలు దానినుండి లభించెను. రెండవ ప్రపంచ యుద్ధములో మిత్రరాజ్యముల విమానములకు వలసిన శ్రేష్ఠమైన ఇంధనమును సమకూర్చుటలో ఈ విధానము ముఖ్యమైన సాధనమయ్యెను.

1940లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోగా, హూడ్రీ అమెరికాలో నుండియే స్వతంత్ర ఫ్రాన్సు పక్షమున నిలిచెను. జనరల్ డి గాల్‌నకు మద్దతుగా నేర్పడిన ఫ్రాన్స్ ఫరెవర్ అను సంఘమునకు అధ్యక్షుడై పనిచేసెను. అందులకు కోపించి, శత్రువునకు లోబడిన విషీ ప్రభుత్వము 1941లో ఆయన పౌరసత్వమును తొలగించెను. గాయపడి రక్తము చిందించి కాపాడిన జన్మభూమికే ఆయన పరాయివాడుగా ఎంచబడెను. 1942లో ఆయన అమెరికా పౌరుడయ్యెను.

యుద్ధము ముగియునాటికి ఆయనకు యాబది యేండ్లు దాటెను. ధనము కలదు, కీర్తి కలదు. ఇక విశ్రమించినను అడుగువారు లేరు. కాని లోకమునందు మోటారుబండ్లు లక్షల సంఖ్యను మించి కోట్లకు పెరుగుచుండెను. వాటి పొగలో మూడు విధములైన కీడులు కలవు. మొదటిది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. అది ఊపిరితో లోనికి పోయి, నెత్తురులో ప్రాణవాయువు కూర్చుండవలసిన స్థానమును ఆక్రమించును. నెత్తురునకు దానిపై గల ఆకర్షణ ప్రాణవాయువుపై గల ఆకర్షణకంటె 200 రెట్లకు పైబడినది. రెండవది పూర్తిగా మండక మిగిలిన పెట్రోలు ఆవిరి. మూడవది ఇంజనులోని మహోష్ణమున గాలిలోని నత్రజని మండుటచే పుట్టు వాయువులు. అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమును ఆ దినములలో ఒక మబ్బువంటి పొగ కప్పి, కన్నులను గొంతును మండించుచుండెను. కడపటి రెండు కీడులును సూర్యరశ్మిలో కలిసి ఆ పొగను పుట్టించుచున్నవని హాగెన్ స్మిట్ అను శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి యేండ్లలో నిరూపించెను.

ఈ పొగవలన జనుల ఊపిరితిత్తులకు హాని కలుగునని హూడ్రీ కలతపడెను. పెట్రోలును విస్తరింపజేసినవారిలో తానును ఒకడు. పొగతో తనకేమి పనియని ఆయన చేతులు కడుగుకొనలేదు. పొగగొట్టములోని విషములను కాల్చివేయుటకై ఆక్సీ కేటలిస్ట్ అను సంస్థను స్థాపించెను. మన్నుమీది మసిని కాల్చిన అనుభవము కలవాడు గదా! ఇప్పుడు ప్లాటినము పూసిన పింగాణీ కడ్డీలను పొగ మార్గములో నుంచెను. వేడి పొగ వాటిని తాకుచు పోవునప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ మిగిలిన ప్రాణవాయువుతో కలిసి, నెత్తురును విషపరచని బొగ్గుపులుసు వాయువుగా మారును. మండని పెట్రోలు ఆవిరి నీటి ఆవిరిగాను బొగ్గుపులుసు వాయువుగాను మారును. 1956లో ఇట్టి నిర్మాణమునకు ఆయన అమెరికాలో పేటెంటు పొందెను.

సాధనము సిద్ధమైనను మార్గము మూసికొనియుండెను. ఇంజను కొట్టుకొనకుండుటకై 1923 నుండి అమెరికాలో పెట్రోలునందు సీసముతో కూడిన ద్రవమును కలిపి అమ్ముచుండిరి. ఆ సీసము పొగతోకూడ వచ్చి, ప్లాటినము మీద పొరగా పేరుకొని, కొలది కాలములోనే దాని శక్తిని చంపివేయుచుండెను. అందుచేత కర్మాగారముల పొగగొట్టములకును, గోదాములలో సీసము కలియని ఇంధనముతో తిరుగు బరువులెత్తు బండ్లకును ఈ సాధనము పనికివచ్చెను గాని, వీధిలో పోవు సామాన్యుని కారునకు పనికిరాకపోయెను. సీసము పసిపిల్లల మెదడునకు హాని చేయు విషమని కూడ పిమ్మట స్పష్టపడెను. మనుష్యులకు హానికరమైన ఆ వస్తువే మనుష్యులను రక్షించు సాధనమునకును శత్రువయ్యెను.

హూడ్రీ 1962 జూలై 18వ తేదీన పెన్సిల్వేనియాలో పరమపదించెను. సామాన్యుల కారులలో తన సాధనము నిలుచుట చూచు భాగ్యము ఆయనకు దక్కలేదు.

ఆయన గతించిన ఎనిమిదేండ్లకు, 1970లో అమెరికా శాసనసభ వాయుశుద్ధి చట్టమును పటిష్ఠము చేసి, కారుల పొగలోని ముఖ్య విషములను పదింట తొమ్మిది పాళ్లు తగ్గింపవలెనని నిర్ణయించెను. అంతట కార్ల కంపెనీలకు కన్వర్టరు తప్ప గత్యంతరము కనబడలేదు. కన్వర్టరు బ్రతుకవలెనన్న సీసము పోక తప్పలేదు. 1975వ సంవత్సరపు కారులలో పెక్కింటికి అది అమర్చబడెను. వాటికై సీసము లేని పెట్రోలు అమ్మకమునకు వచ్చెను. తేనెపట్టువలె సన్నని రంధ్రములు గల పింగాణీ దిమ్మెపై ప్లాటినము, పలాడియము, రోడియము అను లోహములను పలుచగా పూసి, మూడు కీడులను ఒక్కమారే అణచు కన్వర్టర్లు తరువాత వాడుకకు వచ్చెను. మన దేశములో 1995 ఏప్రిలు నెల మొదలు నాలుగు మహానగరములలో అమ్ము క్రొత్త కారులకు కన్వర్టరును, సీసము లేని పెట్రోలును ప్రవేశపెట్టిరి. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతట సీసపు పెట్రోలు అమ్మకము నిలిచిపోయెను. 2021లో అల్జీరియా దేశము సయితము దానిని విడుచుటతో, రోడ్డుమీది బండ్లకు సీసపు పెట్రోలు అమ్ము దేశము లోకములో మిగులలేదు. హూడ్రీ మార్గమునకు అడ్డుపడిన బండరాయి ఆయన మరణించిన 59 యేండ్లకు పూర్తిగా తొలగెను.

ఇట్టి శ్రమతో సంపాదింపబడిన సాధనమును మనము ఏలాగు కాపాడుకొనవలెనో తెలిసికొనుట మన విధి. కన్వర్టరు కలదను ధైర్యముతో మూసిన గదిలో గాని తలుపులు వేసిన షెడ్డులో గాని ఇంజనును నడుపరాదు. అది సుమారు 250 లేక 300 డిగ్రీల వేడి ఎక్కువరకు సరిగా పనిచేయదు. చల్లని ఇంజనును కదలించిన మొదటి నిమిషములలోనే విషవాయువు అధికముగా వెలువడును. తలనొప్పి, తల తిరుగుట, వాంతి కలుగునట్లుండుట ఈ విషమునకు తొలి గుర్తులు. అవి కనబడిన వెంటనే ఆ మనిషిని ఆరుబయటికి తెచ్చి, వైద్యుని సాయము పొందవలెను. పొగగొట్టమునకు చిల్లు పడినచో ఆ వాయువు బండిలోనికే రావచ్చును. కావున శబ్దము మారినప్పుడు మెకానిక్కునకు చూపుట మేలు.

మరియొక సంగతి. పనిచేయుచున్న కన్వర్టరు మిక్కిలి వేడిగా నుండును. ఎండుగడ్డి ఎదిగిన చోట బండిని నిలిపిన అది అంటుకొనవచ్చును. మన పల్లెలలో కొన్ని తావుల పంటకోతల దినములయందు కంకులను, కట్టెను రోడ్లపై పరచి బండ్లచేత తొక్కించు అలవాటు కలదు. ఆ గడ్డి బండి క్రింద చుట్టుకొని, వేడి పొగగొట్టమునకు తగిలి మంట పుట్టు ప్రమాదము కలదని రైతులును డ్రైవర్లును గుర్తెరుగవలెను. ఇంజనులో పెట్రోలు సరిగా అంటుకొనక తడబడుచున్నచో, ఆ మండని పెట్రోలు కన్వర్టరులో మండి దానిని కరగించునంతటి వేడిని పుట్టించును. అట్టి బండిని బాగుచేయించకుండ దూరము నడుపరాదు. నిన్న కాక మొన్న ఇంజను ఆపిన మోటారు సైకిలు కాదుగదా, ఇప్పుడే ఆపిన దాని సైలెన్సరు ప్రక్కకు చిన్న పిల్లలను పోనీయరాదు.

యువకులలో కొందరు గొప్ప మ్రోతకై తమ మోటారు సైకిలునకు కంపెనీవారు అమర్చిన సైలెన్సరును, దానితోకూడ అందులోని కన్వర్టరును ఊడదీయించి వేరొకటి పెట్టించుచున్నారు. లోహముల విలువకు ఆశపడి దొంగిలించువారును కలరు. అట్లు తీసివేసిన బండి వెనుక నడచు పసిబిడ్డయు, రోడ్డు ప్రక్కను కూర్చుండి కూరగాయలమ్ము అవ్వయు ఆ విషమును పీల్తురు. వారికి బండి లేదు, దాని సుఖమును లేదు. పొగ మాత్రము వారి పాలగును.

విద్యార్థులారా! హూడ్రీ జీవితమునుండి మనము నేర్వదగిన పాఠము ఇది. తన పనివలన కలిగిన లాభమును లెక్కించుకొనుట ఎల్లరును చేయుదురు. దానివలన పొరుగువానికి కలిగిన నష్టమును కూడ లెక్కించుకొనువాడే సత్పురుషుడు. పొరుగువానిని ప్రేమింపుమను దైవాజ్ఞ ప్రయోగశాలలోను, కర్మాగారములోను, మోటారుబండి నడుపునప్పుడును మనలను విడువదు. ఫలమును తాను చూడకపోయినను మంచి పని వ్యర్థము కాదనుటకు మన ఇండ్లయెదుట నిలిచియుండు బండ్లే సాక్ష్యము. మీరు పెద్దవారై యంత్రములను చేయుదురు గాక, వాడుదురు గాక, ఎవరి ఊపిరికిని కీడు కలుగకుండునట్లు మెలగుడు. ఆ మహనీయునకు మనము చెల్లింపగల గౌరవము అంతకంటె వేరు లేదు.